పేరు, సెక్షన్, జైలు, ఇంట్లో పిల్లలు: ఒక ప్రార్థన జాబితా కథ

మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. అఫ్ఘానిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు రేపు మధ్యాహ్నం మరణశిక్ష, అర్జెంటుగా ప్రార్థించండి, ఆపకుండా అందరికీ పంపండి అని. కింద వరసగా ఆమెన్‌లు, చేతులు జోడించిన బొమ్మలు. నాకు తెలిసి ఆ "రేపు మధ్యాహ్నం" ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది, ఇంకా రాలేదు.

బహుశా ఒక నిజమైన ఘటనే అరిగి అరిగి ఈ మెసేజ్‌గా మిగిలింది. 2007 జులైలో దక్షిణ కొరియాలోని ఒక చర్చి నుంచి వెళ్ళిన 23 మందిని అఫ్ఘానిస్తాన్‌లో తాలిబాన్లు బస్సు ఆపి పట్టుకెళ్ళారు. ఇద్దరిని చంపేశారు. మిగతా 21 మంది ఆగస్టు ఆఖరుకల్లా విడుదలయ్యారు. అంటే మనం ప్రార్థించాల్సిన మనుషులు ఇంటికి చేరి ఏళ్ళు గడిచాయి, ఎన్నడూ లేని 22 మంది కోసం మాత్రం ఇంకా కన్నీళ్ళు కారుస్తున్నాం.

"పోనీలే బాబూ, ప్రార్థనే కదా, చేస్తే నష్టమేముంది?" అంది మా పెద్దమ్మ. నష్టం ఉందనే నా అభిప్రాయం. ఏటా నవంబరు మొదట్లో చాలా సంఘాలు హింస అనుభవిస్తున్న విశ్వాసుల కోసం ప్రత్యేకంగా ఒక ఆదివారం ప్రార్థిస్తాయి. 1996 నుంచి నడుస్తున్న ఆనవాయితీ ఇది. ఆ రోజు వేదిక మీద నుంచి వినిపించే మాట సాధారణంగా ఒకటే: "ప్రపంచమంతటా శ్రమలు పడుతున్న నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో ప్రభువా." ఎవరు? ఎక్కడ? ఏ కారణంగా? ఆ ప్రశ్నల దాకా ప్రార్థన వెళ్ళదు. వెళ్తే ఎలా ఉంటుందో చూపించినవాళ్ళు ఒకప్పుడు ఉన్నారు. వాళ్ళకీ మన నల్లగొండకీ చిన్న చుట్టరికం కూడా ఉంది.

1889లో అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య కలిసిన ఒక యువ జంట రష్యా సామ్రాజ్యం నుంచి, అంటే ఇప్పటి దక్షిణ యుక్రెయిన్ ప్రాంతం నుంచి, హైదరాబాదు సంస్థానానికి వచ్చింది. వాళ్ళు జర్మన్ మాట్లాడే మెనొనైట్ బ్రెదరెన్ (ఎంబీ) అనే క్రైస్తవ శాఖవాళ్ళు. బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. పాలమూరు జిల్లాలో ఇప్పటికీ "ఎంబీ చర్చి" అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆ శాఖ మొదటి తెలుగు అడుగు ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంతో, తర్వాత విప్లవంతో రష్యా నుంచి వచ్చే సాయం ఆగిపోయింది. ఫ్రీసెన్లను పంపిన ఆ పల్లెలకు తర్వాత పట్టిన గతి వేరు. 1920లలో వేల కుటుంబాలు కెనడాకు వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళలో చాలామందిని స్టాలిన్ ప్రభుత్వం కజకిస్తాన్, సైబీరియాలకు తరలించింది. అక్కడే వాళ్ళు రష్యన్, యుక్రెయిన్ బాప్టిస్టులతో కలిసిపోయారు.

ఇక అసలు కథ.

సోవియట్ చట్టంలో దేవుణ్ణి నమ్మడం నేరం కాదు. రాజ్యాంగం ఆరాధనకు స్వేచ్ఛ ఇచ్చింది కూడా. కానీ 1929 నాటి చట్టం ప్రకారం ప్రతి సంఘం రిజిస్టరు చేయించుకోవాలి. పిల్లలకు మతబోధ చేయకూడదు, యువజన కూడికలు పెట్టకూడదు, పేదలకు సంఘం పేరున సాయం చేయకూడదు. నాలుగు గోడల మధ్య ఆరాధన ఒక్కటే మిగిలింది. 1960లో ఒత్తిడి ఇంకా పెరిగింది. బాప్టిస్టుల అధికారిక కేంద్ర సంఘమే తన పెద్దలకు ఒక లేఖ పంపింది: పిల్లల్ని ఆరాధనకు రానివ్వకుండా చూడండి, 18 నుంచి 30 ఏళ్ళలోపు వాళ్ళకు బాప్తిస్మాలు వీలైనంత తగ్గించండి అని. ప్రభుత్వం చెయ్యి పెట్టి రాయించిన లేఖ అని అందరికీ తెలుసు. 1961లో సంఘం చీలింది. రిజిస్ట్రేషన్ వద్దన్నవాళ్ళు ఇళ్ళల్లో, అడవుల్లో కూడుకోవడం మొదలుపెట్టారు. అరెస్టులూ మొదలయ్యాయి.

1964 జనవరిలో ఆల్తాయ్ ప్రాంతంలో నికొలాయ్ ఖ్మారా అనే కొత్త విశ్వాసి శవం జైలు నుంచి భార్యకు వచ్చింది. ఒకప్పుడు తాగుబోతు, మారి ఏడాది కూడా కాలేదు. శవం మీద చిత్రహింసల గుర్తులు ఉన్నాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఖైదీల భార్యలు, తల్లులు కొందరు కూడి ఖైదీల బంధువుల మండలిగా ఏర్పడ్డారు. దాన్ని నడిపించినవాళ్ళలో ముఖ్యురాలు లిడియా విన్స్. భర్త స్టాలిన్ కాలంలో ఖైదులోనే పోయాడు. కొడుకు గెయోర్గీ తర్వాత రెండుసార్లు జైలుకు వెళ్ళాడు. 1970లో ఆవిణ్ణి కూడా పట్టుకెళ్ళారు, మూడేళ్ళు శిక్ష వేశారు.

ఈ ఆడవాళ్ళు చేసిన పని ఏమిటంటే, జాబితా రాయడం. ఖైదీ పేరు. పుట్టిన తేదీ. అరెస్టయిన తేదీ. ఏ సెక్షన్. ఎన్నేళ్ళ శిక్ష. ఏ క్యాంపు, దాని చిరునామా. ఇంటి చిరునామా. ఆధారపడ్డవాళ్ళు ఎంతమంది. మొదట చేతిరాత, తర్వాత టైపు, 1971 నుంచి క్రమంగా వచ్చే బులెటిన్. సొంతంగా తయారు చేసుకున్న యంత్రాల మీద రహస్యంగా అచ్చు వేసేవాళ్ళు. వాళ్ళ దృష్టిలో అది ప్రార్థన జాబితా. ఉపవాసం ఉండి ఒక్కో పేరూ చదువుతూ ప్రార్థించడానికే రాసుకున్నారు. అదే కాగితం దేశం దాటి, 1969లో మైకేల్ బూర్డో ఇంగ్లండ్‌లో పెట్టిన కెస్టన్ అధ్యయన కేంద్రం లాంటి చోట్లకు చేరినప్పుడు ఇంకో పని చేసింది. మతం పేరు మీద ఎవరినీ జైల్లో పెట్టలేదని సోవియట్ ప్రతినిధులు ప్రతి వేదిక మీదా చెబుతుంటే, ఇదిగో పేర్లు, ఇదిగో సెక్షన్లు అని చూపించడానికి పనికొచ్చింది.

ఆ సెక్షన్ల దగ్గర కాస్త ఆగాలి. ఈ వ్యవహారం మొత్తంలో చిక్కుముడి అక్కడే ఉంది. రష్యా శిక్షాస్మృతిలో 142, 227 సెక్షన్లు. మొదటిది మతాన్ని రాజ్యం నుంచి, బడి నుంచి వేరుచేసే నిబంధనలను ఉల్లంఘించడం. రెండోది మతాచారాల ముసుగులో పౌరులకు హాని చేయడం. ఇంట్లో పదిమంది పిల్లలకు బైబిలు కథలు చెప్పిన తల్లి ఈ సెక్షన్ల కింద నేరస్థురాలు. "నమ్మినందుకు శిక్షించలేదు, చట్టం మీరినందుకు శిక్షించాం" అని జడ్జి చెప్పగలడు, కాగితం మీద అది నిజమే. ఇప్పటికీ ప్రభుత్వాలు దాదాపు ఇదే పద్ధతిలో నడుస్తాయి. తీవ్రవాదం, అనుమతి లేని కట్టడం, విదేశీ నిధులు, శాంతిభద్రతలు. కేసు పేరు ఏదైనా ఉండొచ్చు. ఆ మనిషి తన నమ్మకాన్ని వదిలేస్తే కేసు మిగులుతుందా అన్నదే చూడాలి. వదిలేస్తున్నానని సంతకం పెడితే ఇంటికి పంపేస్తామన్నారంటే, ఆ కేసు దేనిగురించో వాళ్ళే చెప్పేసినట్టు.

ఇదే కొలత రెండోవైపు నుంచి కూడా పెట్టాలి. కష్టంలో ఉన్న భక్తుడల్లా భక్తి కోసమే కష్టపడుతున్నాడని అనుకోకూడదు. మన రామదాసునే చూడండి. తురక ప్రభువు హిందూ భక్తుణ్ణి హింసించాడని ఈ కథను చెప్పేవాళ్ళున్నారు. కానీ కథలోనే ఉన్న సంగతి ఏమిటి? తహసీల్దారు కంచర్ల గోపన్న ప్రభుత్వ పన్ను సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడు. లెక్క అడిగింది ఏ ప్రభుత్వం? అక్కన్న మాదన్నలు మంత్రులుగా ఉన్న తానీషా ప్రభుత్వం. ఆయన పాటల్లోని వేదన నిజం, గోల్కొండ చెర నిజం. ఫైలు మాత్రం రెవెన్యూ శాఖది. ఇలా అన్నందుకు మా ఖమ్మం స్నేహితులు నన్ను తిట్టుకున్నా సరే.

నైజీరియా లాంటి చోట ఈ కొలత పెట్టడం చాలా కష్టం. 2009 నుంచి బోకో హరామ్ మిలిటెంట్ల దాడులున్నాయి. వాటిలో చర్చిలు కాలాయి, మసీదుల్లో ముస్లింలు కూడా పెద్ద సంఖ్యలో చనిపోయారు. నడిమి ప్రాంతంలో ఫులానీ పశుపోషకులకూ రైతులకూ మధ్య గొడవ వేరే. మేతభూములు ఎండిపోతున్నాయి, జనాభా పెరిగింది, తుపాకులు తేలిగ్గా దొరుకుతున్నాయి. ఒకవైపు ఎక్కువమంది ముస్లింలు, ఇంకోవైపు ఎక్కువమంది క్రైస్తవులు. రాత్రి ఊరు తగలబడితే అందులో భూమి ఎంత, మతం ఎంత? తక్కెడ పెట్టి తూచలేం. అదే దేశంలో తూచాల్సిన అవసరమే లేనివీ ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో దాప్చి బడి నుంచి 110 మంది ఆడపిల్లల్ని ఎత్తుకెళ్ళారు. కొందరు చనిపోయారు, నెల రోజుల్లో దాదాపు మిగతా అందరినీ వదిలేశారు. ఒక అమ్మాయిని మాత్రం వదల్లేదు, యేసును విడిచిపెట్టనన్నందుకు. ఆ అమ్మాయి పేరు మీద ప్రపంచమంతా ప్రార్థించింది. ఆమెతోపాటు వెళ్ళి తిరిగి రాకుండా చనిపోయిన ముస్లిం పిల్లల తల్లుల కోసం కూడా ఎవరైనా ప్రార్థించారో లేదో.

అంకెల సంగతీ ఇంతే. హింస అనుభవిస్తున్న క్రైస్తవుల కోసం పనిచేసే ఓపెన్ డోర్స్ సంస్థ 2025 జాబితాలో, ప్రపంచంలో 38 కోట్లకు పైగా క్రైస్తవులు తీవ్రమైన హింసనూ వివక్షనూ ఎదుర్కొంటున్నారని ఉంది. అదే నివేదికలో ఏడాదిలో విశ్వాసం కారణంగా చంపబడినవారు 4,476 మంది, అందులో 3,100 మంది నైజీరియాలోనే. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీదివే. మొదటి దాంట్లో కుటుంబం వెలివేయడం, ఉద్యోగం ఇవ్వకపోవడం, రహస్యంగా నమ్మాల్సి రావడం అన్నీ కలుస్తాయి. అది తప్పు లెక్క కాదు. కానీ పుల్పిట్ మీదికి వచ్చేసరికి "38 కోట్ల మందిని హింసిస్తున్నారు" అయి, వినేవాళ్ళ కళ్ళ ముందు 38 కోట్ల జైలు గదులు కనిపిస్తాయి. ఇంతకుముందు "ఏటా లక్షమంది హతసాక్షులు" అనే మాట బాగా తిరిగేది. దాని వెనక ఉన్నది పదేళ్ళ సగటు. అందులో సింహభాగం కాంగో అంతర్యుద్ధంలో పోయిన ప్రాణాలు. అక్కడ చంపినవాళ్ళు, చచ్చినవాళ్ళు ఎక్కువగా క్రైస్తవులే. పెంచి చెప్పిన అంకె ఒకసారి బయటపడితే, అసలైన 4,476 మందిని కూడా జనం నమ్మరు. నాకు దీంట్లో ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఇప్పుడు నాకు ఇష్టంలేని ప్రశ్న. జాబితాలో మనవాళ్ళే ఉండాలా?

1948లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు 18వ అధికరణం మీద పెద్ద వాదన జరిగింది. మతం మార్చుకునే హక్కు అనే మాట ఉండకూడదని సౌదీ అరేబియా పట్టుబట్టింది, చివరికి ఓటింగ్‌లో తటస్థంగా ఉండిపోయింది. ఆ హక్కు ఉండాల్సిందేనని, ఇస్లాం దానికి వ్యతిరేకం కాదని గట్టిగా మాట్లాడినవాడు పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్. ఆయన అహ్మదీయ, అంటే తమను ముస్లింలుగానే చెప్పుకునే ఒక శాఖకు చెందినవాడు. 1974లో పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి ఆయన సమాజాన్ని ముస్లింలు కారని ప్రకటించింది. 1984 ఆర్డినెన్సు ఇంకో అడుగు వేసింది. అహ్మదీయ తనను ముస్లిం అని చెప్పుకున్నా, తన ప్రార్థనాస్థలాన్ని మసీదు అన్నా, అజాన్ ఇచ్చినా మూడేళ్ళ వరకు జైలు. ప్రార్థనకు పిలవడమే నేరం అన్నమాట.

ఇది ఎక్కడో సరిహద్దు అవతలి సంగతి అనుకోనక్కర్లేదు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు అహ్మదీయలు ముస్లింలు కారని తీర్మానించింది. హైకోర్టు దాన్ని నిలిపేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు మళ్ళీ అదే మాట అంది. ఆ అధికారం బోర్డుకు లేదని కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ రాష్ట్ర ప్రభుత్వానికి లేఖ రాయాల్సి వచ్చింది. ఎవరు ఏ మతమో తేల్చే పని బోర్డుకిస్తే ఏమవుతుందో తెలియాలంటే లాహోరు దాకా పోనక్కర్లేదు.

క్రైస్తవులకు ఇలాంటి పరీక్ష యెహోవాసాక్షుల రూపంలో వస్తుంది. వాళ్ళను చాలా సంఘాలు తప్పుబోధగా చూస్తాయి, మా సంఘం కూడా. సిద్ధాంతం విషయంలో నాకూ వాళ్ళతో కుదరదు. కానీ చరిత్ర చూడండి. 1951 ఏప్రిల్లో స్టాలిన్ ప్రభుత్వం వేలమంది యెహోవాసాక్షులను కుటుంబాలతో సహా రైలు పెట్టెల్లోకెక్కించి సైబీరియాకు తోలింది. 1991లో వాళ్ళకు చట్టబద్ధ గుర్తింపు వచ్చింది. 2017 ఏప్రిల్ 20న రష్యా సుప్రీంకోర్టు తీవ్రవాద సంస్థగా ముద్రవేసి మళ్ళీ నిషేధించింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని కలిసి ప్రార్థిస్తే అది "తీవ్రవాద సంస్థ కార్యకలాపం". లిడియా విన్స్ గానీ ఈ రోజు బతికి ఉంటే, సెక్షన్ నంబరు మారిందేగానీ పద్ధతి మారలేదని గుర్తుపట్టేది. అయినా మన ప్రార్థనాంశాల్లో రష్యా వస్తే మన శాఖవాళ్ళ ప్రస్తావనే ఉంటుంది.

మన దేశంలో మత స్వేచ్ఛకు అండగా నిలిచిన పెద్ద తీర్పుల్లో ఒకటి ఆ శాఖ పిల్లల వల్లే వచ్చింది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని, జాతీయగీతం వస్తుంటే గౌరవంగా నిలబడినా పాడలేదని బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నప్పరెడ్డి. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినవాడు. సహనం మన సంప్రదాయం నేర్పేది, మన తత్వం బోధించేది, మన రాజ్యాంగం పాటించేది, దాన్ని పలచబరచొద్దు అని చివర్లో రాశాడు. ఆ పిల్లల నమ్మకం సరైనదా కాదా అని కోర్టు చూడలేదు. మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అని మాత్రమే చూసింది.

తనది కాని నమ్మకం కోసం ప్రాణమే ఇచ్చినవాళ్ళను సిక్కులు గుర్తుపెట్టుకుంటారు. 1675లో ఢిల్లీలో గురు తేగ్ బహదూర్ తల ఇచ్చింది కాశ్మీరీ పండితుల కోసం అని వాళ్ళ సంప్రదాయం చెబుతుంది. రోజూ చేసే అర్దాస్ అనే ప్రార్థనలో ధర్మం కోసం తలలిచ్చినవాళ్ళను, ముక్కలుగా కోయించుకున్నవాళ్ళను తలుచుకుంటారు. దేశ విభజన తర్వాత, తమకు దూరమైన నన్‌కానా సాహిబ్ వంటి గురుద్వారాల దర్శనం మళ్ళీ దక్కాలనే వాక్యం అందులో చేరింది. కష్టాన్ని ఇంత వివరంగా చెప్పిన ప్రార్థన చివరకు "సర్బత్ దా భలా", అంటే అందరికీ మేలు, అని ముగుస్తుంది. వివరమూ విశాలత్వమూ ఒకేచోట కుదరవని ఇక ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంటి దగ్గరి సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి, ఇంకెక్కడో ఉన్న బందీల గురించి మాట్లాడటం తేలిక కాబట్టి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపు హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన దళితులు ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టలేరని తీర్పు ఇచ్చింది. అందుకే ఆదివారం చర్చికి వచ్చి, సర్టిఫికెట్‌లో మాత్రం వేరే మాట రాయించుకునే కుటుంబాలు చాలా ఊళ్ళల్లో ఉన్నాయి. దీన్ని సోవియట్ క్యాంపుతో పోల్చడం అతి. అసలు కష్టమే కాదనడమూ అబద్ధమే. నమ్మకానికి ధర కట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల అది కాగితం మీద కులం గడిలో ఉంటుంది.

ఇంతకీ ఏమని ప్రార్థించాలి? ఇక్కడ బందీలే మనకన్నా స్పష్టంగా ఉన్నారు. అపొస్తలుల కార్యాల్లో పేతురు, యోహాను బెదిరింపులు ఎదుర్కొని తిరిగొచ్చినప్పుడు సంఘం బెదిరింపులు ఆగాలని అడగలేదు, ధైర్యం అడిగింది. సోవియట్ బాప్టిస్టు ఆడవాళ్ళ విన్నపాలూ అలాగే ఉండేవి. పిల్లల్ని తల్లుల దగ్గర నుంచి లాక్కోకుండా చూడమని, భర్త క్యాంపులో మాట మార్చకుండా నిలబడాలని. అంతటితో ఆగలేదు వాళ్ళు. అధికారులకు దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టారు. క్యాంపు చిరునామా చూసి ఎక్కడెక్కడి నుంచో జనం ఉత్తరాలు రాశారు. 1979 ఏప్రిల్లో గెయోర్గీ విన్స్‌ను, ఇంకో నలుగురు అసమ్మతివాదులను అమెరికా పట్టుకున్న ఇద్దరు సోవియట్ గూఢచారులకు బదులుగా వదిలారు. మిగిలిన ఖైదీల్లో చాలామంది 1987 తర్వాత గోర్బచేవ్ కాలంలో బయటికి వచ్చారు. ఇందులో ప్రార్థన పాలు ఎంత, దౌత్యం పాలు ఎంత అని అడిగితే నేను చెప్పలేను. పేర్లు రాసి ఉండకపోతే ఎవరిని వదలమని అడగాలో కూడా ఎవరికీ తెలిసేది కాదని మాత్రం చెప్పగలను.

పోయిన నవంబరులో మా పాస్టర్ గారు ప్రార్థనాంశాలు రాసివ్వమన్నారు. నాలుగు రాశాను. ఉత్తర కొరియాలో బైబిలు దొరికిందని క్యాంపులకు పంపబడ్డవాళ్ళు. నైజీరియా నడిమి ప్రాంతంలో ఊళ్ళు వదిలిన రైతులు, వాళ్ళతో గొడవపడుతున్న పశువులకాపరులు. రష్యాలో జైల్లో ఉన్న యెహోవాసాక్షులు. పాకిస్తాన్‌లో అహ్మదీయలు. ఒక్కోదానికీ దేశం, చట్టం, ఏం అడగాలో రెండు వాక్యాలు.

ఆదివారం పొద్దున కాగితం చూసి ఒక సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచారు. "బాబూ, మొదటి రెండూ సరే. ఈ చివరి రెండూ మనవాళ్ళు కారు కదా?"

"కారండీ" అన్నాను.

ఆయన కాసేపు కాగితం వైపే చూసి, మడిచి పాస్టర్ గారికి ఇచ్చేశారు. పాస్టర్ గారు మూడు చదివారు. మూడోదాని దగ్గర యెహోవాసాక్షులు అనకుండా "రష్యాలో జైల్లో ఉన్నవారు" అన్నారు. నాలుగోది టైం చాల్లేదన్నారు. కూడిక అయ్యాక మా పెద్దమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని బైబిల్లో పెట్టుకుంది. అహ్మదీయలంటే ఎవరో ఇంటికెళ్ళాక తీరిగ్గా చెప్పమంది.